తలుపు మీద పదకొండు ముద్రలు

ఆ వీధిలో గోడకు మేకు కొట్టాలన్నా ముందు కాగితం పెట్టుకోవాలి. పన్నెండేళ్ళ కిందట పురపాలక సంఘంవాళ్ళు నాలుగు పాత వీధుల చుట్టూ పటం మీద గీత గీసి, గీత లోపలున్నవన్నీ ఇకనుంచి ఉన్నవి ఉన్నట్టే ఉండాలని నిబంధనలు రాశారు. కిటికీకి వాళ్ళు ఒప్పుకున్న నాలుగు రంగుల్లో ఒకటే వేయాలి. ఏసీ డబ్బా వీధివైపు కనిపించకూడదు. పెంకు పగిలితే అలాంటి పెంకే వెతికి తేవాలి, అలాంటి పెంకు కాల్చేవాడు పోయి ముప్ఫయ్యేళ్ళయినా సరే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని వీధిలోవాళ్ళు మొదట్లో బాగా తిట్టుకున్నారు. గీత అవతల అద్దాల మేడలు లేచి, మధ్యాహ్నపు ఎండ అక్కడ తగిలి వచ్చి వీళ్ళ మొహాన కొట్టడం మొదలయ్యాక తిట్లు కాస్త తగ్గాయి.

ఆ నిబంధనల పుణ్యమా అనే వడ్రంగి కోడలికి చేతినిండా పని. ఆ నిబంధనల వల్లే ఒక మంగళవారం ఉదయం ఆమె పని మొత్తానికే పోయినంత పనైంది.

ఆమె పదిహేనేళ్ళుగా ఉలి పట్టి పని చేస్తున్నా వీధికి మాత్రం వడ్రంగి కోడలే. అసలు వడ్రంగి ఆమె మామగారు. కొడుకు పని అందుకోవాల్సింది గానీ, ఆ మహానుభావుడికి రంపపు పొట్టు పడదు. చిన్నప్పుడు తండ్రి చిత్రిక పడుతుంటే పక్కన కూర్చుని ఏకధాటిగా ఇరవై ముప్ఫై తుమ్ములు తుమ్మేవాడట. చివరికి కళ్ళద్దాల షాపులో కుదురుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. పెళ్ళయి వచ్చిన కోడలు మాత్రం ఒకరోజు ఊరికే రంపం పట్టుకుని చూసింది. గీత మీద నుంచి రంపం వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మామగారు చూసి, "అమ్మాయ్, వంట మావాడు చేస్తాడులే, నువ్విలా రా" అన్నాడు. ఆ ఇంట్లో వంట ఇప్పటికీ వాడే చేస్తాడు.

మామగారు ఆమెకు నేర్పిన విద్య అతుకు. చెద తిన్న చోట తొలిచి, సరిగ్గా అంతే ముక్కను అదే కొయ్యలోంచి, అదే ఈనె వాటంలో కోసి కూర్చోబెట్టడం. పైన టీ డికాక్షను, తుప్పు నానిన నీళ్ళు, దీపం మసి, నూనె. అన్నీ అయ్యాక వేలితో తడిమినా తెలియకూడదు. "అతుకు కనిపించిందంటే ఆ వడ్రంగి ఇంటికెళ్ళి పడుకోవచ్చు" అనేవాడు ముసలాయన. ఇప్పుడు డెబ్బై అయిదేళ్ళు దాటాయి. చేయి వణుకుతోందని రెండేళ్ళ కిందట ఉలి కింద పెట్టాడు. కొట్టం గుమ్మంలో కుర్చీ వేసుకుని కోడలి పనికి వంకలు వెతకడమే ఇప్పుడు ఆయన ఉద్యోగం. వంక దొరక్కపోతే ఆ రోజు ఆయనకు అన్నం సయించదు.

ఆ కొట్టం, దానిపైన వాళ్ళుండే రెండు గదులు పురపాలక సంఘానివే. పాత వీధుల్లో పని చేయడానికి ఆఫీసు అనుమతి ఉన్న చేతిపనివాళ్ళకే అవి ఇస్తారు. అనుమతి పోతే మూడు నెలల్లో ఖాళీ చేయాలి. నలభై తొమ్మిదేళ్ళుగా ముసలాయన ఆ కొట్టంలోనే ఉన్నాడు. ఆ అనుమతి ఇప్పుడు కోడలి పేరు మీద ఉంది. ఏ పని పూర్తి చేసినా ఆఫీసు నుంచి తనిఖీ చేసేవాళ్ళు వచ్చి బాగుందని సంతకం పెడితేనే అది మరో ఏడాది నిలుస్తుంది.

ఈ ఏడు ఆఫీసువాళ్ళు కొత్త నిబంధన ఒకటి తెచ్చారు. పాత తలుపుకో కిటికీకో కొత్త ముక్క అతికితే, లోపలివైపు ఆ ముక్క మీద ఏడాది చివరి రెండంకెలు కాల్చిన కడ్డీతో ముద్ర వేయాలి. ఏది పాతో, ఏది కొత్తో రేపు చూసేవాళ్ళకు తెలియాలి కదా! కోడలికి అందులో తప్పేం కనిపించలేదు. కానీ మామగారికి చెప్పే ధైర్యం చాల్లేదు. అతుకు దాచడమే ప్రాణంగా బతికిన మనిషికి, అతుకు మీద అంకె వేసి చూపించాలని ఎలా చెప్తుంది? చెప్తే రెండు రోజులు అన్నం మానేస్తాడు, మూడోరోజు ఆఫీసు మీదకు యుద్ధానికి వెళ్తాడు. అందుకని నోరు మెదపలేదు. కాగితాలు సొరుగులో పెట్టుకుంది. కడ్డీలు మరో సొరుగులో పెట్టుకుంది.

ఎదురుగా మందుల షాపు తలుపు ఆమె ఈ ఏడు చేసిన పెద్ద పని. నూట ఇరవై ఏళ్ళ నాటి రెండు రెక్కల తలుపు. అడుగున చెద, బందుల దగ్గర కుళ్ళు. పదకొండు ముక్కలు అతికింది. తలుపు మళ్ళీ ఎక్కించిన సాయంత్రం మామగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయం చూసుకుని, పదకొండు ముద్రలూ చకచకా వేసేసింది. గోరంత ముద్రలు, చక్కగా కుదిరాయి. పని పూర్తయిందని ఆఫీసులో కాగితం ఇచ్చి వచ్చింది. పదిరోజుల్లో వస్తామన్నారు. ఇక ఆ తలుపు సంగతి మరిచిపోయి కిటికీల పనిలో పడింది.

మంగళవారం తొమ్మిదిన్నరకు భూతద్దం మేడమ్ వచ్చింది. ఆవిడ అసలు హోదా పొడుగ్గా ఉంటుంది, ఎవరికీ నోరు తిరగదు. మెడలో తాడుకు భూతద్దం వేలాడుతుంటుంది కాబట్టి వీధివాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. ముక్కుసూటి మనిషి. ఆవిడకు కాఫీ ఇస్తే డబ్బులిచ్చి తాగుతుంది.

వస్తూనే తలుపు బయటివైపు ఎడమ రెక్క మధ్యలో చెక్కిన ద్రాక్షగుత్తి మీద చేయి వేసింది.

"దీన్ని మాత్రం ముట్టుకోలేదు కదమ్మా?"

"అయ్యో, లేదు మేడమ్ గారూ. దుమ్ము తుడిచానంతే."

"మంచిది. మా ఆఫీసు పుస్తకం అట్ట మీద వేసింది దీన్నే. ఈ నాలుగు వీధుల్లోనూ చెక్కుచెదరకుండా మిగిలిన పనంటే ఇదొక్కటే." అని, మేడమ్ లోపలికి వెళ్ళి రెక్కలు తిప్పింది. "సరే, ముద్రలు చూపించు. పదకొండని రాశావు."

కోడలు వంగి కింది మూల చూపించబోయింది. అక్కడేమీ లేదు.

పక్కన చూసింది. లేదు. బందు దగ్గర చూసింది. అక్కడా లేదు. నున్నటి పాత కొయ్య, నూట ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోనట్టు. తానెక్కడ అతికిందో కూడా ఇప్పుడు ఆమెకే అంతుపట్టలేదు. అంత బాగా నేర్పాడు మరి మామగారు!

"వేశాను మేడమ్ గారూ. పదకొండూ వేశాను. నా చేత్తో వేశాను."

మేడమ్ భూతద్దం పెట్టి రెక్క రెక్కంతా కళ్ళతో తడిమింది. లేచి నిలబడి ఫైలు తెరిచింది.

"చూడమ్మా. ముద్రలు లేవు. కొత్త ముక్కా కనిపించడం లేదు. అంటే రెండే. పని చేయకుండా చేశానని రాశావా? లేక నిబంధన ఇష్టం లేక ముద్రలు మానేశావా? రెండింట్లో ఏదైనా నేను రాయాల్సింది ఒకటే, అనుమతి రద్దని."

"మానేస్తే మీకు కబురెందుకు పెడతానండీ?"

"అదే నాకూ అర్థం కావడం లేదు." మేడమ్ గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయం వేసింది కోడలికి. కోప్పడే మనిషిని బతిమాలుకోవచ్చు. నిబంధన చదివి వినిపించే మనిషిని ఏం చేస్తాం? కొట్టంలోని బల్ల, గోడకు వరసగా వేలాడే ఉలులు, గుమ్మంలో మామగారి కుర్చీ, పైన మొగుడి వంటగది, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మూడు నెలలు. ఆయన్ని ఏ ఇంటికి తీసుకెళ్ళి, ఏ గుమ్మంలో కూర్చోబెట్టాలి?

మందుల షాపాయన కౌంటరు వెనక నుంచి ఇదంతా చూస్తూ గొంతు సవరించుకున్నాడు. ఈ మనిషికి నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆ రోజు ఆ గుణమే పనికొచ్చింది.

"అది కాదమ్మా, మీ మామగారికి బీపీ బాగా పెరిగిందా ఏంటి?"

"లేదే. ఎందుకండీ?"

"పదిరోజుల్నుంచీ రోజూ వస్తున్నాడు మరి. రెండు మాత్రలు కొంటాడు. తలుపు వెనక స్టూలేసుకుని గంటసేపు కూర్చుంటాడు. గాలి బాగుందంటాడు. తలుపు వెనక గాలేంటా అని నేనూ అనుకున్నా."

మాత్ర మింగమంటే పిల్లాడిలా మొహం తిప్పుకునే మనిషి! కోడలు గిరుక్కున తిరిగి వీధి అవతలికి చూసింది. కొట్టం గుమ్మంలో కుర్చీ ఉంది గానీ ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా ఇటే చూస్తున్నవాడు, ఆమె చూడగానే ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు. తేలుకుట్టిన దొంగ కూడా అంతకంటే నయంగా ఉంటాడు.

"మామయ్యా! ఒకసారి ఇలా రండి."

వచ్చాడు. మెల్లగా వచ్చాడు. మేడమ్‌ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మామయ్యా, తలుపు లోపల ముద్రలుండాలి. పదకొండు. మీరేమైనా..."

"ముద్రలా?" ముసలాయన మొహం ఎర్రబడింది. "ముద్రలంటావేంటి అమ్మాయ్, అవి వాతలు! ఆ రోజు నీ పనెలా వచ్చిందో చూద్దామని వచ్చా. చూస్తే ప్రతి అతుకు మీదా వాత పెట్టి ఉంది. గొడ్డుకు పెట్టినట్టు! ఈ ఆఫీసువాళ్ళే వచ్చి నీ పనికి వంక పెట్టి కాల్చి పోయారనుకున్నా. నువ్వు చూస్తే ఏడుస్తావని..." గొంతు తగ్గింది. "రోజుకొకటి చొప్పున పూడ్చా. మైనంలో కొయ్యపొడి కలిపి. చివరిరోజు రెండు."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వణికే చేత్తో, చీకటిమూల స్టూలు మీద కూర్చుని, పది రోజులు, పదకొండు ముద్రలు. తన కంటపడి తాను బాధపడకూడదని! కోపం రావాల్సిన చోట కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఆఫీసువాళ్ళు కాదు మామయ్యా. నేనే వేశాను. కొత్త నిబంధన. మీకు చెప్తే బాధపడతారని చెప్పలేదు."

"నువ్వా?"

"నేనే."

ముసలాయన స్టూలు మీద కూలబడ్డాడు. "నాకు చెప్పి ఉండాల్సింది."

"మీరు అడిగి ఉండాల్సింది."

"మీరిద్దరూ ఇంట్లో మాట్లాడుకోరా?" అంది మేడమ్. తర్వాత భూతద్దం చేతిలోకి తీసుకుని, "కింద కాలిన గుర్తులున్నాయా, గీకేశారా?" అని అడిగింది. కోడలు మామగారి మొహంలోకి చూసింది. గీకేసి ఉంటే ఇక చూపించడానికేమీ మిగలదు.

"గీకడమా?" ముసలాయన అవమానపడ్డాడు. "కాలిన చోట గీకితే కొయ్య ఇంకా లోతుకు పోతుంది. ఆ మాత్రం తెలీదా నాకు? వేడినీళ్ళు తెండి, గుడ్డ తెండి."

మందులాయన కెటిల్‌లో నీళ్ళు కాచి ఇచ్చాడు. ముసలాయన గుడ్డ ముంచి, పిండి, కింది మూల ఒకచోట అదిమి పట్టుకుని ఇరవై లెక్కపెట్టాడు. గుడ్డ తీసి బొటనవేలితో రుద్దాడు. మైనం పేలికలుగా లేచింది. కింద రెండంకెలు, నల్లగా, శుభ్రంగా.

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఒక్కచోట కూడా వెతుక్కోలేదు. చేయి వణుకుతూనే ఉంది గానీ వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. రెండు, మూడు, నాలుగు. మేడమ్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముద్రకూ ఫైలులో టిక్కు పెట్టింది. ఏడోదాని దగ్గర ఆవిడ భూతద్దం పెట్టి అతుకు అంచు కోసం వెతికి వెతికి, "నిజంగా కనిపించదేం!" అంది. మామాకోడళ్ళిద్దరూ ఒకేసారి తల దించుకున్నారు. గర్వం దాచుకోవడానికి వాళ్ళింట్లో అదే పద్ధతి.

పదకొండోదానికి టిక్కు పెట్టి మేడమ్ లేచింది. మొదటిసారి నవ్వింది.

"బతికించారు తాతగారూ. నాకూ ఇష్టమై రాయనమ్మా అలాంటివి." పెన్ను తీసి, ఆగింది. "సంతకం పెట్టేముందు ఒకటి. ఈ పదకొండూ తప్ప తలుపంతా అసలుదే అని ఇక్కడ రాసుంది. దానికింద నీ సంతకం, నా సంతకం. రేపెప్పుడైనా ఇంకోటి బయటపడితే ఇద్దరికీ తలనొప్పే. ఇంకేమీ లేవు కదా?"

"లేవు మేడమ్ గారూ" అంది కోడలు.

ముసలాయన గుడ్డ మడతపెడుతున్నాడు. మడతపెట్టిందాన్ని విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"ఇంకోటుంది."

కోడలు ఉలిక్కిపడింది. "ఎక్కడ మామయ్యా? నేను అతికినవి పదకొండే."

"నువ్వు అతికింది కాదు." ఆయన బయటికి నడిచి, ఎడమ రెక్క ముందు నిలబడి, ద్రాక్షగుత్తి మీద అరచేయి పెట్టాడు. "ఇది."

మేడమ్ నవ్వబోయి మానుకుంది. "తాతగారూ, అది మా పుస్తకం అట్ట మీద ఉంది."

"ఉండనీండి. ఐసు దిమ్మల బండి ఒకటి వచ్చి గుద్దుకుని అసలు గుత్తి నుగ్గయిపోయింది. ఈ మందులాయన వాళ్ళ నాన్న ఏడవడం ఒకటే తక్కువ. అటక మీద పలక ఒకటి ఊడదీయించి, దాంట్లో చెక్కా. అదీ ఈ ఇంటి కొయ్యే, ఇదే వయసు. అందుకే ఎవరూ పట్టుకోలేదు. నమ్మకపోతే పైనుంచి మూడో వరసలో చూడండి. ఒక కాయ చిన్నది. ఉలి జారింది. జారినచోట ఇక చిన్నకాయ చేయక తప్పలేదు."

మేడమ్‌కు చూడాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ మొహంలో రంగులు మారాయి. "పచ్చికాయను సైతం విస్మరించని ఆనాటి శిల్పి సూక్ష్మదృష్టి," అంది నెమ్మదిగా. "పుస్తకంలో అలా రాసింది నేనే."

మందులాయన దగ్గు వచ్చినట్టు కౌంటరు కిందికి వంగిపోయాడు.

గుడ్డ వేడిగా అద్దితే గుత్తి చుట్టూ వెంట్రుకంత గీత తేలింది. మేడమ్ భూతద్దంలోంచి ఆ గీతను చాలాసేపు చూసింది. ఇల్లలకగానే పండగ కాదంటారు, గట్టెక్కామనుకున్న చోటే మళ్ళీ జారామా అనుకుంది కోడలు. ముసలాయన మాత్రం నిటారుగా నిలబడ్డాడు.

"నా తప్పుకు అమ్మాయి అనుమతి తీయకండి. దానికి తెలీదు. నేనెవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా."

"తప్పేముంది తాతగారూ? నిబంధనలు వచ్చి పన్నెండేళ్ళు. మీరు చేసింది అంతకు ఎప్పుడో ముందు. ఎవరి అనుమతికీ ఏమీ కాదు." ఆవిడ ఫైలు తొడ మీద పెట్టుకుని, పదకొండు కొట్టేసి పన్నెండని దిద్ది, గబగబా సంతకం చేసేసింది, తన మాట మీద తనకే అనుమానం రాకముందే చేయాలన్నట్టు. కాగితం చింపి కోడలి చేతిలో పెట్టింది. కోడలు దాన్ని మడవలేదు, అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కొట్టం ఉంది. బల్ల ఉంది. కుర్చీ అక్కడే ఉంటుంది.

"కానీ దీనికి ముద్ర పడకుండా నేను కదలను" అంది మేడమ్.

ముసలాయన ముడుచుకుపోయాడు. "నా పనికి కూడా వాతేనా?"

"వాత కాదండీ. నూట ఇరవై ఏళ్ళ కిందట ఎవరో చేశారని మేం అచ్చు వేశాం. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూసి ఎవర్నో మెచ్చుకుంటున్నారు. ఆ ఎవరో చేయలేదు కదా. మీరు చేశారు. ఆ మాట ఎక్కడా లేదు."

దాచడమొక్కటే తెలిసిన మనిషికి ఎవరూ ఎప్పుడూ చెప్పని మాట అది. ఆయన ఆ చిన్నకాయను బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"ఏ సంవత్సరం?" అంది మేడమ్.

"సంవత్సరం నాకేం గుర్తు? చలికాలం. మావాడు అప్పుడే పాకుతున్నాడు. పొట్టులోకి పాకి వచ్చి ఒకటే తుమ్ములు. ఆ తుమ్ముకే ఉలిక్కిపడి ఉలి జారింది."

కోడలు మొగుడి వయసు వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టింది. "డెబ్బై ఎనిమిది" అంది. నవ్వుతోంది, ఏడుస్తోంది, ఆ రెండూ దాచుకోలేదు. పరుగున వీధి దాటి కొట్టంలోకి వెళ్ళి సొరుగు తెరిచి, ఆ రోజుదాకా వాడని ఏడంకె కడ్డీనీ, ఎనిమిదంకె కడ్డీనీ తీసి పొయ్యి మీద పెట్టింది. ఎర్రబడ్డాక పట్టకారుతో తెచ్చింది.

ఆమే వేయబోయింది. ముసలాయన చేయి చాపాడు.

చేయి వణుకుతోంది. కోడలు వెనక నిలబడి ఆయన మోచేయి పట్టుకుంది. గుత్తి కింద, చట్రం మీద, వీధికి కనిపించేలా ఏడు వేశాడు. కాలిన కొయ్య వాసన లేచింది. ఎనిమిది వేశాడు, అది కొంచెం వంకర పోయింది. మరోరోజైతే ఆ వంకరకు ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇప్పుడు ఊది మసి పోగొట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు చిట్లించి చూశాడు. రోడ్డు మధ్యదాకా వెళ్ళి అక్కడినుంచీ చూశాడు. సైకిలతను గంట కొట్టినా జరగలేదు.

"అమ్మాయ్," అన్నాడు, "ఇక్కడికి కనిపిస్తోందంటావా?"